ఇచ్చిన పర్మిషన్‌ను మళ్లీ తెరిచేదెవరు?

క్లుప్తంగా: ఇంటికో, కాంప్లెక్స్‌కో, లేఅవుట్‌కో ఒకసారి ఇచ్చిన అనుమతిని అదే ఆఫీసు మళ్లీ పరిశీలించగలిగే సందర్భాలు తక్కువ. ఉన్న కొద్ది సందర్భాలకూ గడువు, నోటీసు, రాతపూర్వక కారణం అనే షరతులున్నాయి. దక్షిణ తెలంగాణ పట్టణాల్లో ఇలాంటి వివాదం కోర్టు మెట్లెక్కితే వాదన ముందుగా పర్మిషన్ మంచిచెడ్డల మీద కాకుండా, దాన్ని తిరగదోడిన పద్ధతి మీద నడుస్తుంది. ఆ పద్ధతి ఏమిటి, ఎక్కడ దారి తప్పుతోంది అన్నదే ఈ వ్యాసం.

సోమవారం ప్రజావాణికి నల్లగొండ కలెక్టరేట్‌లోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, వనపర్తిలోనైనా ఇళ్ల పర్మిషన్ల మీద అర్జీలు వస్తూనే ఉంటాయి. పక్క ప్లాటులో లేస్తున్న బిల్డింగుకు సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగ) వదల్లేదనో, దారి కలుపుకున్నారనో, చెరువు శిఖంలో కడుతున్నారనో రాసి, చివర్లో "కావున సదరు పర్మిషన్‌ను పునఃపరిశీలించి రద్దు చేయగలరు" అని ముగిస్తారు. కలెక్టరేట్ ఆ కాగితాన్ని మున్సిపల్ కమిషనర్‌కు పంపుతుంది. కమిషనర్ దాన్ని టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు పంపుతారు. సెక్షన్‌లో ఎవరో ఒకరు సైటుకు వెళ్లొచ్చి రిపోర్టు రాస్తారు.

ఆ తర్వాత సాధారణంగా రెండింట్లో ఒకటి జరుగుతుంది. "పర్మిషన్ ఇచ్చేశాం, ఇక మా చేతుల్లో లేదు, కోర్టుకు వెళ్లండి" అని అర్జీదారుడికి జవాబు వస్తుంది. లేదంటే నోటీసు కూడా ఇవ్వకుండా రెండు లైన్ల ఉత్తర్వుతో పర్మిషన్ రద్దవుతుంది, కట్టుకునేవాళ్లు హైకోర్టుకు పరుగెత్తి స్టే తెచ్చుకుంటారు. చట్టం దృష్టిలో మొదటి జవాబు అన్నిసార్లూ నిజం కాదు. రెండో పని దాదాపు ఎప్పుడూ నిలవదు.

ఓటు వేసే సభ కాదు, సంతకం పెట్టే ఆఫీసర్

ముందుగా తేల్చుకోవాల్సింది పర్మిషన్ ఎవరిస్తారన్నది. మున్సిపల్ కౌన్సిల్ ఇస్తుందని చాలామంది అనుకుంటారు. వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్లి "కౌన్సిల్‌లో తీర్మానం పెట్టి ఆపించండి" అని అడగడం కూడా అందుకే. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం బిల్డింగ్ పర్మిషన్ కమిషనర్ పని. అందులో కౌన్సిల్‌కు ఓటు లేదు. కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించినా ఒక ప్లాటు పర్మిషన్ దానంతట అది రద్దు కాదు.

కౌన్సిల్ మాట చెల్లే చోటు వేరే ఉంది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా లాంటివి దాని ముందుకు వస్తాయి. 2023 జనవరిలో కామారెడ్డిలో రైతుల ఆందోళన తర్వాత అక్కడి కౌన్సిల్ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అప్పటికి అది ముసాయిదానే. ఎవరి చేతికీ హక్కు కాగితం వెళ్లలేదు, ఎవరూ పునాది తవ్వలేదు. ముసాయిదాను వెనక్కు తీసుకోవడానికీ, ఒకరి చేతికిచ్చిన ప్రొసీడింగ్స్‌ను (అనుమతి ఉత్తర్వును) వెనక్కు తీసుకోవడానికీ మధ్య తేడా ఇదే. కామారెడ్డిని చూపించి "అక్కడ రద్దు చేశారు కదా, ఇక్కడెందుకు చేయరు" అంటే పోలిక కుదరదు.

గ్రామాల్లో లెక్క మరోరకం. పంచాయతీరాజ్ చట్టం 2018 కింద చిన్న ఇళ్ల అనుమతి పంచాయతీ చేతిలో ఉంటుంది. లేఅవుట్‌కు మాత్రం పంచాయతీ తీర్మానం ఒక్కటే చాలదు, టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ టెక్నికల్ అనుమతి కావాలి. రెండు సంతకాలతో పుట్టిన కాగితాన్ని ఒక్క సంతకంతో చంపగలరా అన్న పేచీ ఇక్కడే మొదలవుతుంది.

ఒక్క మాట కింద నాలుగు పనులు

అర్జీల్లో రాసే "పునఃపరిశీలన" అనే మాట నిజానికి నాలుగు వేర్వేరు పనులను కలిపేస్తుంది. వివాదాల్లో సగం చిక్కు ఈ కలగాపులగం నుంచే వస్తోంది.

అన్నిటికన్నా చిన్నది తప్పు దిద్దడం. సర్వే నంబరులో అంకె తారుమారైంది, ప్లాటు విస్తీర్ణం చదరపు గజాలకు బదులు మీటర్లలో పడింది అనుకోండి. దీన్ని అదే ఆఫీసు సరిచేయొచ్చు, ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు.

రెండోది రద్దు. దరఖాస్తుదారుడు అబద్ధం చెప్పి పర్మిషన్ తీసుకున్నాడని తేలితే ఇచ్చిన అధికారే వెనక్కు తీసుకోవడం. సివిల్ కోర్టులో స్టేటస్ కో (యథాతథ స్థితి) ఉత్తర్వు ఉన్న సంగతి దాచడం, పాత లింక్ డాక్యుమెంట్ మార్చి పెట్టడం, 20 అడుగుల రోడ్డును ప్లానులో 30 అడుగులుగా చూపించడం ఈ కోవలోకి వస్తాయి. అసలు పోరాటం ఎక్కువగా జరిగేది ఈ రకం మీదే.

మూడోది పై అధికారి లేదా ప్రభుత్వం కింది నిర్ణయాన్ని తిరిగి చూడటం. చట్టం ఆ దారి రాసి ఉంచినప్పుడే అది పనికొస్తుంది.

నాలుగోది హైకోర్టు. రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేస్తే కోర్టు పర్మిషన్‌నైనా, రద్దునైనా కొట్టేసి, మళ్లీ విని నిర్ణయించమని ఫైలును వెనక్కు పంపగలదు.

ఈ నాలుగింట్లో దేనికిందకీ రాని అర్జీలు కూడా చాలా ఉంటాయి. పర్మిషన్ సక్రమంగానే ఉంది, జీ ప్లస్ టూకి తీసుకుని నాలుగో అంతస్తు వేశారు. ఇక్కడ పునఃపరిశీలించడానికి ఏమీ లేదు, పర్మిషన్ తప్పు కాదు కాబట్టి. కావాల్సింది అతిక్రమణ మీద చర్య. ఈ రెండింటినీ కలిపి "పర్మిషన్ రద్దు చేయండి" అని రాస్తే ఆఫీసుకు తప్పించుకునే సందు దొరుకుతుంది. "పర్మిషన్ నిబంధనల ప్రకారమే ఉంది" అని జవాబిస్తారు. అది నిజమే, నాలుగో అంతస్తూ అలాగే ఉంటుంది.

ఇరవై ఒక్క రోజుల లెక్క

భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ఆన్‌లైన్ వ్యవస్థ మొదలైంది. 75 చదరపు గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునేవాళ్లకు పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండో (అన్ని అనుమతులకూ ఒకే దరఖాస్తు), అందులో 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చకపోతే 22వ రోజు అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. పోర్టల్ మారినంత మాత్రాన చట్టం మారిపోదు.

పాత పద్ధతిలో ముందు తనిఖీ, తర్వాత పర్మిషన్. కొత్త పద్ధతిలో ముందు పర్మిషన్, తర్వాత తనిఖీ. లంచాలు, తిప్పించుకోవడం తగ్గించాలన్న ఉద్దేశంతో ఈ వరస తలకిందులు చేశారు. దాంతో పునఃపరిశీలన అనేది అరుదైన సంగతి నుంచి వ్యవస్థలోనే ఒక మెట్టుగా మారింది. అప్పటికప్పుడు ఇచ్చిన అనుమతిని 21 రోజుల్లో సైటు మీద సరిచూసి, తప్పుడు సమాచారం ఉంటే వెనక్కు తీసుకోవచ్చు. గడువు దాటి దానంతట అది వచ్చిన అనుమతిని కూడా 21 రోజుల్లో ఉపసంహరించే వీలు పెట్టారు. జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉంటుంది.

కాగితం మీద ఇది చక్కగా ఉంది. ఊళ్లో ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూస్తే తేడా తెలుస్తుంది. నెల ఒకటో తేదీన మిర్యాలగూడలో ఒక ప్లాటుకు ఆన్‌లైన్లో అనుమతి వచ్చిందనుకుందాం. పక్కింటివాళ్లకు ఎవరూ కబురు చేయరు, చేయాలన్న నియమమూ లేదు. మంచిరోజు చూసుకుని పన్నెండో తేదీన ముగ్గు పోస్తారు. పద్నాలుగున జేసీబీ వస్తుంది. పక్కింటాయనకు విషయం తెలిసేది అప్పుడే. ఆయన వచ్చే సోమవారం ప్రజావాణికి వెళ్తాడు. కాగితం మున్సిపాలిటీ ఇన్‌వర్డ్‌కు చేరేసరికి ఇంకో మూడు నాలుగు రోజులు. సైటుకు మనిషి వెళ్లేసరికి ఇరవై ఒక్క రోజులూ అయిపోతాయి. గడువు పర్మిషన్ ఇచ్చిన రోజు నుంచి లెక్క, ఫిర్యాదు అందిన రోజు నుంచి కాదు.

గడువు దాటాక కమిషనర్ రద్దు చేస్తే, "ఈ అధికారం మీకు ఇరవై ఒకటో రోజుతోనే పోయింది" అనే వాదన రిట్ పిటిషన్ మొదటి పేజీలోనే ఉంటుంది. మోసంతో తెచ్చుకున్న ఉత్తర్వుకు గడువు రక్షణ ఉండదన్నది ఎదుటివాళ్ల జవాబు. రెంటికీ బలం ఉంది. అందుకే రద్దు ఉత్తర్వులో "మోసం" అన్న మాట ఉందా, ఏ అబద్ధం, ఏ కాగితంలో అన్నది రాశారా లేదా అన్నదాని మీద కేసు తేలుతుంది. ఊరికే "నిబంధనలకు విరుద్ధం" అని రాస్తే అది మోసం కిందికి రాదు. ఆఫీసు తన పొరపాటును ఆలస్యంగా గుర్తించిందని మాత్రమే అర్థం వస్తుంది.

మళ్లీ చూసే అధికారం ఎక్కడిది?

ఒక నిర్ణయం తీసుకున్న అధికారికి దాన్ని మార్చుకునే అధికారం సహజంగానే ఉంటుందని సామాన్యుడి భావన. రాసిన చేయే కొట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. కోర్టులు అలా చూడవు. సమీక్షాధికారం పుట్టుకతో రాదు, చట్టం స్పష్టంగా ఇవ్వాలి లేదా చట్టం చదివితే తప్పనిసరిగా అర్థం కావాలని సుప్రీంకోర్టు 1970లో పటేల్ నర్షీ ఠాకర్షీ కేసులో చెప్పింది. ఆ తర్వాత ఇలాంటి వివాదాల్లో తరచూ వినిపించే తీర్పు అదే.

దానికి ఒక సడలింపు ఉంది. 1980 నాటి గ్రిండ్లేస్ బ్యాంక్ కేసులో కోర్టు సమీక్షను రెండుగా విడదీసింది. తీర్పు తప్పు కాబట్టి మళ్లీ చూడమనడం ఒకటి, అసలు విచారణ జరిగిన తీరే లోపం కాబట్టి మళ్లీ వినమనడం మరొకటి. రెండోదానికి చట్టంలో ప్రత్యేకంగా రాసి ఉండాల్సిన పని లేదు. నోటీసు అందాల్సిన మనిషికి అందకుండానే ఉత్తర్వు వచ్చేసిందంటే ఆ ఉత్తర్వును పక్కన పెట్టి మళ్లీ వినొచ్చు. నోటీసు అందింది, విన్నారు, అయినా తప్పు నిర్ణయం తీసుకున్నారంటే ఆ ఆఫీసు తలుపు మూసుకున్నట్టే, పై మెట్టు ఎక్కాలి.

ప్రభుత్వ న్యాయవాదులు తరచుగా జనరల్ క్లాజుల చట్టాన్ని ఎత్తుతారు. ఉత్తర్వు ఇచ్చే అధికారంలోనే దాన్ని సవరించే, రద్దుచేసే అధికారం ఇమిడి ఉంటుందని అందులో ఉంది. హక్కులు తేల్చే తరహా ఉత్తర్వులకు అది వర్తించదని 2002లో ఒక రాజకీయ పార్టీ రిజిస్ట్రేషన్ రద్దు వివాదంలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు మోసంతో పొందినవాటికి మినహాయింపు కూడా ఇచ్చింది. బిల్డింగ్ పర్మిషన్ హక్కులు తేల్చే ఉత్తర్వా, మామూలు పరిపాలనా ఉత్తర్వా అన్నదాని మీద లాయర్లు గంటలు గంటలు వాదించుకోగలరు. ఎటు తేలినా ఒకటి మాత్రం ఖాయం. ఒకరికి నష్టం చేసే ఉత్తర్వుకు ముందు వాళ్ల మాట వినాలని 1967 నాటి బీనాపాణి దేయి కేసు నుంచి కోర్టులు చెబుతూనే ఉన్నాయి.

ఆఫీసర్ మారితే? బదిలీపై వచ్చిన కొత్త కమిషనర్ పాత కమిషనర్ ఇచ్చిన పర్మిషన్లన్నీ తిరగేసి, తనకు నచ్చనివి ఆపడం పట్టణాల్లో కొత్త సంగతి కాదు. చట్టానికి మనిషితో పని లేదు, కుర్చీతోనే పని. పాత ఆయన సంతకం కొత్త ఆయన సంతకమే. అభిప్రాయం మారడం కారణం కాదు, కొత్తగా బయటపడ్డ వాస్తవమే కారణం కావాలి.

పైనుంచి చెబితే చేసే రద్దు

రద్దు ఉత్తర్వుల్లో తరచూ కనిపించే ఒక వాక్యం "పై అధికారుల ఆదేశాల మేరకు" అన్నది. రాసేవాళ్లకు అది రక్షణలా కనిపిస్తుంది. కోర్టులో ఉత్తర్వును ముంచేది అదే వాక్యం.

దీనికి మూలం ఒక సినిమా హాలు కథ. బొంబాయి శివారు అంధేరీలో హాలు కట్టుకోవడానికి 1947లో పోలీస్ కమిషనర్ అనుమతి ఇచ్చారు. కొద్ది నెలలకే, ప్రభుత్వం ఆదేశించింది కాబట్టి రద్దు చేస్తున్నామని కబురు పెట్టారు. గోర్ధన్‌దాస్ భాంజీ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1951లో సుప్రీంకోర్టు, రద్దు చేసే విచక్షణ కమిషనర్‌దే కాబట్టి ఆయనే ఆలోచించి నిర్ణయించాలి, ఇంకొకరు చెప్పింది చేరవేస్తే అది ఆయన నిర్ణయం కాదని తేల్చింది. ఉత్తర్వులో లేని కారణాలను తర్వాత అఫిడవిట్‌లో చేర్చి సమర్థించుకోవడం కుదరదన్న సూత్రం కూడా అక్కడి నుంచే వచ్చింది, తర్వాత మోహిందర్ సింగ్ గిల్ కేసులో మరింత బలపడింది.

ఒక ప్రజాప్రతినిధి ఫోన్ చేశారనో, కలెక్టరేట్ నుంచి "తగు చర్య తీసుకోండి" అని ఎండార్స్‌మెంట్ వచ్చిందనో వెంటనే రద్దు రాసేస్తే, డెబ్బై ఏళ్ల కిందటి అంధేరీ సినిమా హాలే అడ్డం వస్తుంది. "తగు చర్య" అంటే రద్దు అని ఎక్కడా రాసి ఉండదు. పరిశీలించి, నోటీసిచ్చి, రద్దు అక్కర్లేదని రాయడం కూడా తగు చర్యే.

పంచాయతీ కాగితం, మున్సిపాలిటీ ఫైలు

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఈ వివాదాలకు స్థానికమైన కారణం ఒకటుంది. 2018లో పెద్ద సంఖ్యలో గ్రామ పంచాయతీలు మున్సిపాలిటీలయ్యాయి. చిట్యాల, హాలియా, చండూరు, నందికొండ, చౌటుప్పల్, మోత్కూరు ఇటువైపు, భూత్పూర్, మక్తల్, కొత్తకోట, పెబ్బేరు, అలంపూర్, ఆమనగల్లు అటువైపు. ఈ ఊళ్లలో నిన్నటి పర్మిషన్ సర్పంచ్, కార్యదర్శి సంతకంతో ఉంటుంది. నేడు దాన్ని ప్రశ్నించేది మున్సిపాలిటీ.

పంచాయతీ రికార్డులో దరఖాస్తు రిజిస్టర్ దొరకదు, రసీదు పుస్తకం దొరకదు, చేతిలో ఒక స్టాంపు కాగితం మాత్రం ఉంటుంది. అది ఊరు మున్సిపాలిటీ కాకముందు నిజంగా ఇచ్చిందా, తర్వాత పాత తేదీ వేసి రాయించుకున్నదా అన్నది అసలు ప్రశ్న. పాత తేదీ వేశారన్న అనుమానం ఒక్కటే రద్దుకు చాలదు. రిజిస్టర్ వరస నంబర్లు, ఫీజు జమ అయిన తేదీ, అప్పటి కార్యదర్శి వాంగ్మూలం లాంటివి కావాలి. అవన్నీ సేకరించేంత సిబ్బంది చిన్న మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఉండటం కష్టం. అందుకే అనుమానం మీదే నోటీసు పోతుంది, కోర్టులో ఆధారం అడిగితే ఫైలు పలచగా తేలుతుంది.

2025 మార్చిలో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచినప్పుడు ఇదే చిక్కుకు కొత్త పొర చేరింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కొన్ని గ్రామాలు ఆ పరిధిలోకి వెళ్లాయి. ఆమనగల్లు, కడ్తాల్ ప్రాంతం ఫ్యూచర్ సిటీ అథారిటీ కిందికి వెళ్లింది. మహబూబ్‌నగర్ అదే ఏడాది కార్పొరేషన్ అయ్యింది. పాత అథారిటీ ఇచ్చిన లేఅవుట్ మీద ఇప్పుడు అభ్యంతరం ఉంటే ఎవరికి అర్జీ పెట్టాలి? సాధారణ సూత్రం ప్రకారం అధికారాలతో పాటు పాత ఫైళ్ల బాధ్యత కూడా కొత్త సంస్థకు వస్తుంది. ఫైలు అలమారా మాత్రం అంత త్వరగా రాదు.

ఇంకో ముడి కూడా ఉంది. పర్మిషన్ ఒంటరిగా నిలబడదు, దాని కింద నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం), ఇరిగేషన్ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్స్ లాంటి కాగితాలుంటాయి. 2012 నాటి 168 నంబర్ జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. పానగల్లు ఉదయసముద్రం లాంటి పెద్ద నీటివనరు పక్కన ప్లాటుకు ఇరిగేషన్ శాఖ ముందు ఎన్‌వోసీ ఇచ్చి, సర్వే తర్వాత వెనక్కు తీసుకుందనుకుందాం. పర్మిషన్ దానంతట అది పడిపోదు. దాన్ని ఇచ్చిన అధికారి విడిగా నోటీసిచ్చి, విడిగా రద్దు చేయాలి. ఎన్‌వోసీ రద్దు కాగితం చూపించి జేసీబీ పంపితే, ఒక మెట్టు దాటేసినట్టే.

పక్కింటివాళ్లకు అడిగే హక్కుందా?

ఉంది. ఉడుపిలో కల్యాణ మండపంగా అనుమతి తీసుకున్న కట్టడాన్ని సినిమా హాలుగా మార్చుకోవడానికి పురపాలక సంఘం ఒప్పుకుంటే, అదే వీధివాసి ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. టౌన్ ప్లానింగ్ స్కీమ్‌కు విరుద్ధంగా అనుమతి ఇచ్చే అధికారం సంఘానికి లేదని, ఆ ప్రాంత నివాసికి ప్రశ్నించే హక్కుందని 1974లో రామదాస్ షెణై కేసులో కోర్టు చెప్పింది.

హక్కు ఉందంటే ఏ వాదనైనా చెల్లుతుందని కాదు. అర్జీల్లో ఎక్కువ భాగం "ఆ జాగ మాది" అన్న గొడవే. పర్మిషన్ ఇచ్చే అధికారి పైకి కనిపించే హక్కు పత్రాలు, చట్టబద్ధమైన స్వాధీనం మాత్రమే చూడాలి, యాజమాన్యం తేల్చకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2001లో హైదరాబాద్ పాటరీస్ కేసులో స్పష్టం చేసింది. అన్నదమ్ముల పంపకాల తగాదాను పర్మిషన్ రద్దు అర్జీగా మార్చి మున్సిపాలిటీకి పెడితే కమిషనర్ తేల్చలేరు. తేల్చబోతే ఆ ఉత్తర్వు నిలవదు. జాగ గొడవకు సివిల్ కోర్టు ఇంజంక్షన్ దారి, సెట్‌బ్యాక్, రోడ్డు వెడల్పు గొడవకు మున్సిపాలిటీ దారి. ఒకే అర్జీలో రెండూ రాస్తే, మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కూడా పక్కన పెట్టేస్తారు.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో

టెక్సాస్‌లోనో, జార్జియాలోనో గుడి కట్టించిన కమిటీల్లో మనవాళ్లకు అక్కడి ప్లానింగ్ కమిషన్ పరిచయమే. అక్కడ చాలా ఊళ్లలో అనుమతి మీద సభ్యులు బహిరంగ విచారణ జరిపి ఓటు వేస్తారు. కాబట్టి పునఃపరిశీలన కూడా సభా నియమాల వ్యవహారం. ఎక్కువగా పాటించే రాబర్ట్స్ రూల్స్ ప్రకారం తిరిగి చర్చించాలన్న ప్రతిపాదనను గెలిచిన పక్షాన ఓటేసిన సభ్యుడే పెట్టాలి. ఓడినవాళ్లు అదే విషయాన్ని పదేపదే తెరవకుండా పెట్టిన కట్టడి అది. ప్రతిపాదన ఎవరు పెట్టారు, ఆయన మొదట ఎటు ఓటేశాడు, కోరం ఉందా, పొరుగువాళ్లకు మళ్లీ నోటీసు వెళ్లిందా అన్నవాటి మీద అక్కడ తగాదాలు వస్తాయి.

ఇక్కడ ఓటు లేదు కాబట్టి ఆ తగాదా లేదు. అయితే ఓటు లేకపోవడం వల్ల మినిట్స్ కూడా లేవు. కారణాలన్నీ నోట్ ఫైలులో ఉండిపోతాయి, సమాచార హక్కు చట్టం కింద అడిగితే తప్ప బయటికి రావు. దానికి 30 రోజుల సమయం. రద్దుకు 21 రోజులే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఫిర్యాదుదారుడి ఇబ్బంది అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో 1990 నాటి ప్లానింగ్ చట్టం కింద ఇచ్చిన అనుమతిని కట్టడం పూర్తయ్యేలోపు స్థానిక సంస్థ రద్దు చేయొచ్చు, కాకపోతే నష్టపరిహారం కట్టాలి. ఆ లెక్క చూసుకుని సంస్థలు ఆ జోలికి అంత తేలిగ్గా పోవు. మన దగ్గర ఆఫీసు తప్పు వల్ల ఇచ్చిన పర్మిషన్ రద్దయినా, పునాదికి పెట్టిన డబ్బు ఎవరిస్తారన్నది విడిగా కోర్టుకు వెళ్లి తేల్చుకోవాల్సిందే.

గోడ లేచాక

ఈ వివాదాల్లో కనిపించకుండా పనిచేసేది కాలం. పిల్లర్ గుంటలు తవ్వినప్పుడు ఆపితే నష్టం వేలల్లో, స్లాబు పడ్డాక ఆపితే లక్షల్లో. బ్యాంకు హోమ్ లోన్ దశలవారీగా వస్తుంది కాబట్టి పర్మిషన్ రద్దు నోటీసు పడగానే తర్వాతి వాయిదా ఆగిపోతుంది, తీసుకున్నదానికి వడ్డీ మాత్రం నడుస్తుంది. అపార్ట్‌మెంటైతే అడ్వాన్సు ఇచ్చినవాళ్ల టెన్షన్ వేరే. మరోవైపు, స్టే తెచ్చుకున్న బిల్డర్ ఆ స్టే నీడలోనే పని పూర్తిచేసేస్తే ఫిర్యాదుదారుడు కేసు గెలిచినా చేతికి వచ్చేది తక్కువ. అందుకే రెండు పక్షాల లాయర్లూ ముందు చూసేది కట్టడం ఏ దశలో ఉందన్నదే. పర్మిషన్ తీసుకున్నవాళ్లు ముందుగానే కేవియట్ (తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు పెట్టే అర్జీ) వేసుకోవడం కూడా ఇందుకే.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ ఇదే తర్కం. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2017లో పర్యావరణ అనుమతి వచ్చింది. దాని మీద అప్పీలు వెళ్తే 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ అదనపు అధ్యయనాలు చేయించి అనుమతిని తిరిగి పరిశీలించమంది. అప్పటికి నిర్మాణం చాలా దూరం వెళ్లిపోయింది. అక్కడ అప్పీలుకు దారి, గడువు చట్టంలోనే రాసి ఉన్నాయి, 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. మున్సిపల్ పర్మిషన్ల దగ్గర పక్కింటివాళ్లకు అంత సూటి దారి కనిపించదు, రిట్ ఒక్కటే తెలిసిన దారిగా మిగులుతుంది.

రిట్‌లో సాధారణంగా వచ్చే ఫలితం గెలుపూ కాదు, ఓటమీ కాదు. "పిటిషనర్‌కు నోటీసిచ్చి, వివరణ తీసుకుని, విని, కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి, అప్పటివరకు యథాతథ స్థితి" అని ఫైలు అదే కమిషనర్ దగ్గరికి తిరిగొస్తుంది. ఈ రెండో విడతలో కొత్త పేచీ మొదలవుతుంది. కోర్టు వెనక్కు పంపింది నోటీసులో రాసిన సెట్‌బ్యాక్ విషయం మీదే అయితే, ఆఫీసు ఇప్పుడు కొత్తగా రోడ్డు వెడల్పు లోపం కూడా చేర్చొచ్చా? చేర్చాలంటే కొత్త నోటీసు కావాలి. అదే నోటీసులో ఇరికిస్తే మళ్లీ రిట్.

ఈ పరిస్థితి ఆఫీసుల ప్రవర్తనను కూడా మార్చింది. సొంతంగా రద్దు చేస్తే కోర్టు, చేయకపోతే విజిలెన్స్ భయం. దాంతో కొందరు ముందే జాగ్రత్తపడి దరఖాస్తు దశలోనే షార్ట్‌ఫాల్ (కాగితాల్లో లోపం ఉందన్న నోటు) మీద షార్ట్‌ఫాల్ రాస్తారు. ఏ లోపమూ లేనివాళ్ల ఫైలు కూడా దాంతో నెమ్మదిస్తుంది. కూల్చివేతలకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని, ఉత్తర్వులో కారణాలుండాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాక, నోటీసు లేకుండానే తొలగించొచ్చన్న మున్సిపల్ చట్టం మాట మీద ఆధారపడి పనిచేయడం మరీ కష్టమైంది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నీటివనరుల ఆక్రమణలకు ఆ తీర్పులో మినహాయింపు ఉంది. కాబట్టి రాబోయే కేసుల్లో మొదటి ప్రశ్న చాలాసార్లు ఈ కట్టడం చెరువులో ఉందా, బయట ఉందా అన్నదే అవుతుంది. దానికి జవాబు పర్మిషన్ ఫైలులో దొరకదు. ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు కలిసి చేసే ఎఫ్‌టీఎల్ సర్వేలో దొరకాలి. ఆ హద్దు రాళ్లు ఇంకా పాతని చెరువుల దగ్గర, ముందు నోటీసు ఎవరికివ్వాలో కూడా తేలదు.